మునిగే ఓడల గవరయ్య

గవరయ్య మావ కట్టిన ఓడల్లో నీళ్ళమీద నిలబడింది ఒక్కటీ లేదు. అన్నీ మునిగాయి. కొన్ని పక్కకి ఒరిగి మునిగాయి, కొన్ని ముక్కు కిందకి పెట్టి మునిగాయి. ఒకటైతే తలకిందులై, అందరికీ దణ్ణం పెడుతున్నట్టు కాసేపు ఆగి మరీ మునిగింది. అయినా ఆయన ఓడలు కట్టడం మానలేదు. కట్టినవాటిని నీళ్ళలో వదలడమూ మానలేదు.

మీరు కంగారుపడకండి. అవి మనుషులెక్కే ఓడలు కావు, మూర, మూరన్నర పొడుగుండే రేకు ఓడలు. మనుషులెక్కేవి కలకత్తా గార్డెన్ రీచ్ కార్ఖానాలో కట్టేవారు, అవి నిక్షేపంగా తేలేవి. గవరయ్య మావ అక్కడ ఖలాసీ. తాళ్ళు కట్టడం, గొలుసులు లాగడం, ఇనపపలకలు పైకెక్కించడం ఆయన పని. పగలంతా పెద్ద ఓడకి చాకిరీ చేసి, ఇంటికొచ్చి అదే ఓడని వందో వంతుకి కుదించి రేకుతో కట్టేవాడు. నేను ఖిదిర్‌పూర్ రేవులో సరుకులు లెక్కపెట్టే గుమాస్తాని. మా గదికీ ఆయన గదికీ మధ్య ఒకటే గోడ, కాబట్టి ఆయన సుత్తి చప్పుడుకి నేను లేచేవాణ్ణి, ఆయన సుత్తి చప్పుడుకే పడుకునేవాణ్ణి.

ఈ వందో వంతు ఆయన మతం. మెట్లు, కమ్మీలు, లంగరు, పొగగొట్టం, అన్నీ అసలు ఓడలో ఎక్కడుంటే తన ఓడలోనూ అక్కడే ఉండాలి, వందో వంతు ఉండాలి. అసలు ఓడలో లేనిది తన ఓడలో ఉండకూడదు. దీనికి కావలసిన సరుకంతా మా తెలుగు బస్తీ ఇళ్ళలోంచే వెళ్ళేది. మా ఆవిడ హైమ తలపిన్నులు ఓడ కమ్మీలయ్యాయి. ఓ పొద్దున్న గ్లాసులో టీ ఆకు తేలుతుంటే, "వడగట్టే జల్లెడ ఏదీ?" అన్నాను. "రాడారైంది," అంది హైమ.

మావ భార్య నారాయణమ్మ బాధ ఇంకోరకం. "సూడు బాబూ, మొన్న నా ముక్కుపుడక ఇమ్మన్నాడు!" అని నా దగ్గర మొరపెట్టుకుంది.

"పుడక అడగలేదు, దాని సీల అడిగాను," అన్నాడు మావ రేకు మీంచి తలెత్తకుండా.

"సీల లేకపోతే పుడక ముక్కుకి ఎలాగుంటాది?"

"నీకు ముక్కుందే, దాన్ని పట్టుకుంటాది. ఓడకి ముక్కులేదు గదా!"

ఎనభైల్లో కలకత్తాలో కరెంటు పోవడానికీ, బంద్ రావడానికీ ముహూర్తం అక్కర్లేదు. "చొల్‌బే నా, చొల్‌బే నా" అని, అంటే ఇక సాగదని అరుస్తూ ఊరేగింపు మా సందులోంచి వెళ్తుంటే మావ కూడా ఎర్రజెండా పట్టుకుని బయల్దేరేవాడు. మలుపు తిరగ్గానే జెండా పక్కవాడికిచ్చి, వెనక్కొచ్చి రేకు కత్తిరించుకునేవాడు.

"ఊరేగింపు మైదానం దాకా కదా మావా?" అంటే, "వందో వంతు నడిసాను బాబూ," అనేవాడు.

కార్ఖానాలో కొత్త ఓడని నదిలోకి వదిలేరోజు పెద్ద తతంగం. ఎవరో పెద్ద అధికారి భార్య పట్టుచీర కట్టుకుని వస్తుంది. ఓడ ముక్కుకి కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరిస్తుంది. ఓడ జారి హుగ్లీలోకి వెళ్ళిపోతుంది. తాళ్ళు లాగినవాళ్ళు దూరంగా నిలబడి చప్పట్లు కొడతారు. కట్టినవాడికి అందులో ఎక్కే యోగం లేదు, మళ్ళీ దాన్ని చూసే యోగమూ లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు మనసు అదోలా అయ్యేది. మావకి మాత్రం ఆ తతంగంలో ఒకటే గుర్తుండేది. ఓడని ఆడమనిషి చేతులమీదుగా వదలాలి.

కాబట్టి మా బస్తీ ఓడలకీ ముఖ్య అతిథి ఉండేది. ఓడకో ముత్తయిదువ చొప్పున వంతులవారీగా పిలిచేవాడు. ఆవిడ పసుపు రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, బస్తీ మధ్యనున్న చౌబచ్చా దగ్గరకొచ్చేది. చౌబచ్చా అంటే మేమంతా నీళ్ళు తోడుకునే సిమెంటు తొట్టి. మావ ఆవిడ చేతిలో ఒక మిరియపు గింజ పెట్టేవాడు.

"ఇదేటి మావా?"

"కొబ్బరికాయ. మా ఓడకి కాయ ఇంతే ఉంటాది. లెక్కకైతే ఆవగింజే రావాల. నీ సేతికి దొరకదని మిరియం తెచ్చాను."

ఆ సర్దుబాటుకి కూడా ఆయన చాలా బాధపడేవాడు. ముత్తయిదువ మిరియాన్ని గట్టుమీద చితక్కొట్టి, ఎర్రదారం కత్తిరించి ఓడని నీళ్ళలోకి తోసేది. బస్తీ అంతా చప్పట్లు కొట్టేది. ఓడ మునిగేది. నా చేతులు పొడుగు కనక, చొక్కా చేతులు మడిచి అడుగునుంచి ఓడని తియ్యడం నా డ్యూటీ.

మావకి దిగులుండేది కాదు గాని, వదిలినవాళ్ళకి ఉండేది. ఎండుచేపలమ్మే దాలమ్మ చేతులమీదుగా వదిలిన ఓడ అన్నిటికన్నా తొందరగా మునిగింది. మా బస్తీలో శకునాలమీద ఆఖరి తీర్పు ఆవిడదే. అలాంటావిడకి అంత అప్రతిష్ఠ!

"నా సేత్తో పెట్టిన పచ్చడి ఏడాదైనా పాడవదు. నీ ఓడ గుక్కతిప్పుకునేంత సేపు ఉండలేదేటి?" అని ఆవిడ నడిసందులో నిలదీసింది.

అప్పుడు నేనుండబట్టలేక అన్నాను. "మావా, నీ ఓడకి పైన బరువు, అడుగున బోలు. కాస్త సీసం వేస్తే నిలబడుతుంది."

"అసలు ఓడకి అడుగున సీసముందేటి?"

"సీసం లేదు గాని ఇంజినుంది కదా!"

"నానూ ఇంజిను పెట్టాను."

"అది రేకు ఇంజిను మావా!"

"తేలడానికి అబద్దమాడమంటావేటి రత్నంబాబూ? మునిగితే మునగనీ. నిజమైన ఓడే మునిగిందంటారు." అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాతో చాన్నాళ్ళు పలకలేదు.

ఇలా ఉండగా, ఒక వర్షాకాలం మా సందులో ఉండే గురువులు పోయాడు. మంచి కుర్రాడు. అదే కార్ఖానాలో ఓడలకి రంగేసేవాడు. పచ్చకామెర్లొచ్చి, చూస్తుండగానే పోయాడు. యూనియన్‌వాళ్ళు పట్టుబట్టి అతని భార్య జగ్గమ్మకి గేటు దగ్గర కేంటీన్లో పని ఇప్పించారు. ఆ పని లేకపోతే ఆ పిల్లకి దిక్కు కళింగపట్నం దగ్గర అన్నగారిల్లే. అక్కడ వదినగారు ఈవిడకోసం ఒక చీపురూ, ఒక మూలా సిద్ధంగా ఉంచింది.

అయితే కేంటీన్‌కి వెళ్ళే వేళా, మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళే వేళా ఒకటే. ఎత్తుమీద తాళ్ళు పట్టుకుని వేలాడే పనులు వాళ్ళవి. ఊరేగింపులో పాతదంతా పడగొడతామని అరిచేవాళ్ళే, పొద్దున్న గుమ్మం దాటేముందు తల బయటపెట్టి సందు అటూ ఇటూ చూసేవారు. జగ్గమ్మ ఎదురైతే లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరేవారు. తిట్టినవాడు ఒక్కడూ లేడు. తిట్టినా బాగుండేదేమో.

దాంతో జగ్గమ్మ సందు మానేసి, వెనకనుంచి పోర్టు రైలుపట్టాల దారిన, మోకాలిలోతు బురదలో వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ గూడ్సుబండి అడ్డంగా ఆగిందంటే అది కదిలేదాకా నిలబడాల్సిందే. కేంటీన్‌కి ఆలస్యమయ్యేది. ఇంకోసారి ఆలస్యమైతే రానక్కర్లేదని మేనేజరు చెప్పేశాడు.

"సందులోంచే వెళ్ళమ్మా, ఎవరేమంటారు?" అంది మా హైమ.

"ఆల్లు ఎత్తుమీద పనిసేసేవోల్లు వదినా. ఏటైనా అయితే నా పాపం ఎక్కడికెల్తాది?" అంది జగ్గమ్మ. ఆ పిల్ల కూడా నమ్మేసింది, అదీ అసలు చిక్కు.

మావ ఇదంతా విన్నాడు. రేకు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. పనివాళ్ళంతా పనిముట్లకి పూజచేసి గాలిపటాలెగరేసే విశ్వకర్మ పూజ ముందురోజు, కుళాయి దగ్గర అందరూ ఉండగా ప్రకటించాడు. "రేపు కొత్త ఓడ వదుల్తన్నాం. ముఖ్య అతిథి జగ్గమ్మ."

బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు. దాలమ్మ ముందుకొచ్చింది. "గవరయ్యా, మతిగాని పోయిందేటి? మొగుడు పోయి ఏడాదైనా తిరగలేదు. దానిసేత సుబకార్యమా?"

"దాలప్పా, ఇన్నాల్లూ ముత్తయిదువులే గదా వదిలారు. ఏటయ్యాయి?"

"మునిగాయి."

"మరింకేటి? మునిగినదానికన్నా కింద ఇంకేటైనా ఉందేటి?"

దాలమ్మ నిండిన బిందె చంకనెత్తుకుంది. శకునశాస్త్రంలో దానికి జవాబు లేదు.

జగ్గమ్మ ఒప్పుకోవడమే కష్టమైంది. గుమ్మం దాటి రానంది. "వద్దు మావా. మునిగితే నా వల్లేనంటారు."

"అన్నీ మునుగుతాయి గదే! నీ వల్లనని ఎవులంటారు?"

"గాజుల్లేని సేతులు మావా నావి."

"మంచిదే. గాజులుంటే రంగుమీద గీతలు పడతాయి." మావ గొంతు తగ్గించాడు. "గురువులు ఆకరున రంగేసిన ఓడ ఇది. పెద్దదాన్ని ఎవులో మారాణీ వదిలేసింది. దీన్ని నువ్వు గాక ఎవులొదుల్తారే?"

జగ్గమ్మ లోపలికెళ్ళింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చింది.

మర్నాడు ఆకాశం నిండా గాలిపటాలు, చౌబచ్చా చుట్టూ జనం. జగ్గమ్మ మిరియం చితక్కొట్టింది. దారం కత్తిరించింది. ఓడని తోసి రెండడుగులు వెనక్కి వేసింది. నేను చొక్కాచేతులు మడిచి రెడీగా ఉన్నాను. ఓడ ఎడమకి ఒరిగింది, "అయ్యో" అన్నారు అందరూ. కుడికి ఒరిగింది. తర్వాత నిటారుగా నిలబడింది. నిలబడే ఉంది.

బస్తీకి కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు. మునిగితే ఏం చెయ్యాలో అందరికీ అలవాటే. తేలితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. చివరికి నోరు తెరిచింది దాలమ్మే.

"ఓలమ్మో! ఇన్ని ముత్తయిదు సేతుల్లో లేంది ఈ జగ్గి సేతిలో ఉందర్రా! ఏటి హస్తవాసే తల్లీ నీది!"

జగ్గమ్మ తన చేతులు తనే కొత్తగా చూసుకుంది. గురువులు పోయాక ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అప్పుడే.

సాయంత్రానికి నీళ్ళు తోడుకోవాలి కనక ఓడని నేనే బయటకి తీశాను. పొడుగు చేతులున్నందుకు ఏదో ఒక ప్రయోజనం ఉండాలి. ఎత్తగానే భుజం లాగింది. అంత బరువుగా ఏ రేకు ఓడా ఉండదు. మావ గదిలోకి తీసుకెళ్ళి పెడుతుంటే గోడకి వేలాడుతున్న ఆయన విసురువల కనబడింది. ఆ వల అంచున ఉండాల్సిన సీసపు గుండ్లు ఒక్కటీ లేవు.

"మావా, అసలు ఓడకి అడుగున సీసముందా?" అన్నాను.

ఆయన గబగబా తలుపు దగ్గరికేశాడు. మొహం పరీక్షలో కాపీకొట్టి దొరికిపోయినవాడిలా ఉంది.

"మెల్లిగా బాబూ."

"తేలడానికి అబద్ధమాడనన్నావు!"

"ఓడ కోసమైతే ఆడను. అయినా పెద్ద అబద్దమేటి కాదులే, వందో వంతు." కాసేపు రేకుముక్కలు సర్ది, "ఆ పిల్లకి మాత్రం సెప్పకు," అన్నాడు. నేను చెప్పలేదు. ప్రాణంలా చూసుకునే ఓడల నిజాయితీని ఆ పిల్లకోసం తీసిచ్చాడని తెలిశాక, ఆయన సుత్తి చప్పుడు మీద కూడా నాకు కోపం పోయింది.

తర్వాతి ఓడనుంచి మావ మళ్ళీ నిజాయితీకి తిరిగొచ్చాడు. దాలమ్మ పట్టుబట్టి ఇంకోసారి వదిలింది, మునిగింది. నారాయణమ్మ వదిలింది, మునిగింది. అలా మునిగిన ప్రతి ఓడతోనూ జగ్గమ్మ హస్తవాసికి పేరు పెరిగింది. "జగ్గినే పిలవరాదేటి?" అని అందరూ పోరితే, "ఓడ తేలినోల్లకి ఒకసారే, అది కార్ఖానా రూలు," అనేవాడు మావ.

మొదట దాలమ్మ కొడుకు వెంకటేశు జగ్గమ్మని పట్టాలదారినుంచి వెనక్కి పిలిచాడు. "వదినా, ఇవాల ఎత్తుమీద కొత్త పలక కడతన్నాం. ఇటొచ్చి ఒక్కసారి ఎదురు రా." ఇక అక్కణ్ణుంచి అది అంటువ్యాధి అయింది. మగవాళ్ళంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని సందులో ఒకరి వెనక ఒకరు నిలబడేవారు.

ఓ పొద్దున్న తలుపు తీసేసరికి జగ్గమ్మ వాళ్ళమీద విరుచుకుపడుతోంది. "జరగండర్రా! ఒక్కొక్కడికీ ఎదురొచ్చేసరికి నాకు టైమైపోతాంది. మేనేజరు నన్ను తిడతాడా, మిమ్మల్నా?"

"ఈడొకడు మిగిలిపోయాడు వదినా, ఒక్కసారి వెనక్కెల్లి రా!"

తిడుతూనే వెనక్కెళ్ళింది, తిడుతూనే వచ్చింది. వరసలో ఆఖరున డబ్బా పట్టుకుని, తువ్వాలు తలకి చుట్టుకుని గవరయ్య మావ నిలబడి ఉన్నాడు. నేను దగ్గరకెళ్ళి చెవిలో అన్నాను. "నువ్వేమిటి మావా ఇక్కడ? నీకు సంగతి తెలుసు కదా!"

"తెలుసు బాబూ," అన్నాడు మావ, జగ్గమ్మ వచ్చేవైపే చూస్తూ. "తెలిస్తే మాత్రం? ఇవాల నాను ఓడ స్తంభం సివరిదాకా ఎక్కాల."

జగ్గమ్మ ఎదురొచ్చింది. మావ తృప్తిగా డ్యూటీకి వెళ్ళాడు.