అవ్వ భుజం, నా తొందర

పొద్దున బస్టాపులో నిలబడి ఉంటే, ఫోను తనంతట తానే నాలుగేళ్ల కిందటి వీడియో ఒకటి తెచ్చి ముందు పెట్టింది: కోస్గిలో మా అవ్వ మంచం మీద కూర్చొని ఉంది, బిగుసుకుపోయిన ఆమె కుడిచేయి మడతపెట్టిన గొంగడి మీద ఉంది. దాన్ని మూడుసార్లు చూశాను. బస్సు వెళ్లిపోయింది.

అవ్వకు పక్షవాతం వచ్చినప్పుడు, నాకు కాలేజీ సెలవులు కదా అని బాపు నన్ను హైదరాబాదు నుంచి తెచ్చి ఆమె దగ్గర వదిలాడు. వారానికోసారి ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అక్క, భుజాన్ని కింద ఆనించి పట్టి ఎలా కదిలించాలో, బొటనవేలు మొదలుకొని పిడికిలి ఎలా విప్పాలో చేసి చూపి, అదంతా నా ఫోనులోనే తీయించింది. పొద్దున కనిపించింది ఆ వీడియోనే. ఏ వీడియోనైనా రెట్టింపు వేగంతో చూడడం నా అలవాటు. దాన్నీ అలాగే చూశాను, అలాగే చేశాను. ఏళ్ల తరబడి గొర్రెల ఉన్ని కత్తిరించిన ఆ చేతిని, నన్ను చూస్తేనే అవ్వ కొంగులో దాచుకునేది. నేనేమో ఆమె మీదే అరిచేదాన్ని.

మరుసటి వారం అక్క చూసి నా చేతులు పట్టుకుని ఆపేసింది.

"గంత ఉరుకుడేంది పిల్లా? నేను గిట్లనే చూపించిన్నా?"

కోపంతో వీడియో పెట్టి ఆమె ముఖం ముందు ఉంచాను. అందులో ఆమె చేతులు చకచకా ఆడుతున్నాయి.

"ఫోన్ల ఉరికిస్తే ఉరుకుతది. మీ అవ్వ భుజం ఉరుకుతదా?"

ఆ చేతిని నేనే పాడుచేశానా అని అడిగాను. అక్క అవ్వ భుజమంతా తడిమి, "ఖరాబేం గాలే. ఫికర్ చెయ్యకు, గని గుంజకు" అంది.

"పుట్టిన గొర్రెపిల్లను వట్టినట్టు వట్టే," అంది అవ్వ, వంకరపోయిన మూతితోనే.

ఆ తర్వాత రోజూ పొద్దున అరగంట, ఫోను పక్కన పెట్టి, ఆమె చేయి నా ఒళ్లో పెట్టుకుని, మెల్లమెల్లగా ఒక్కో వేలూ విప్పేదాన్ని. సెలవులు అయిపోవస్తుండగా ఒకనాడు ఫోను మోగితే అందుకోబోయాను. నాకంటే ముందే ఆ కుడిచేయి పాకివచ్చి దాన్ని గట్టిగా పట్టుకుంది. "ఇయ్య, పో!" అంది అవ్వ. నేను ఏడుస్తూ నవ్వాను.

ఇప్పుడు ఆ చేత్తోనే చాయ్ తాగుతుంది. వెళ్లినప్పుడల్లా అలవాటుగా చేయి పట్టుకోబోతే, "నాకు పనున్నదే" అని విడిపించుకుంటుంది. సంతోషమే. కానీ ఎవరి చేయైనా పట్టుకుని నేను అరగంట నిదానంగా కూర్చున్నది ఆ సెలవుల్లోనే. మళ్లీ అలా కూర్చోలేదు.

పొద్దున ఆ వీడియోను మామూలు వేగంలోనే చూశాను.