అవ్వకు నలుపు, మాకు పచ్చ

పెళ్లిచూపులకు వెళ్లిన కుర్రవాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆ రోజుల్లో ఎవరూ చెప్పేవారు కాదు. జుట్టు ఎట్లా దువ్వాలో, గడపలో ఏ కాలు ముందు పెట్టాలో అన్నీ నూరిపోసేవారు గాని చేతుల ఊసే ఎత్తేవారు కాదు. అందుకని నేను, బడిలో గ్రూపు ఫోటోకు కూర్చున్నట్టు, వేళ్లు బారుగా చాపి మోకాళ్ల మీద పెట్టుకున్నాను. నా పెళ్లి చెడిపోబోయింది సరిగ్గా అక్కడే.

అసలు నా జబ్బు చేతులది కాదు, నోటిది. మార్కాపురంలో మా ఎరువుల కొట్లో రైతులతో పొద్దస్తమానం వాగేవాణ్ణి. ఆడపిల్లవాళ్ల ఇంట్లో కూర్చుంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఒకరింట్లో మంచినీళ్లు అడగలేక ఎక్కిళ్లు పెడుతూనే కూర్చుని వచ్చాను. (వాళ్లు "పిల్లోడు మూగోడా ఏంది?" అని కబురు పంపారు.) అమ్మ పోయి సిద్ధాంతిగారి ముందు వాపోతే, బుధుడు నీరసంగా ఉన్నాడు, పచ్చ పెట్టించండి, మాట వస్తుంది అన్నాడాయన. అసలు పచ్చ మా తాహతుకు మించింది. అప్పుడు అమ్మ తమ్ముడు, బజారులో చిన్న నగల దుకాణం నడిపే మా రాళ్ల మామ, దాని బదులు ఇంకో పచ్చరాయి తెచ్చి ఉంగరం చేయించాడు.

"దీన్ని టూర్మలిన్ అంటారు రా అల్లుడా. పుట్టడమే పెన్సిల్ మాదిరి పొడుగ్గా పుడతాది. అడ్డంగా చూస్తే లోపలికంటా పచ్చగా ఉంటాది. కొనవైపు నుంచి పొడుగునా చూసినావా, వెలుతురంతా మింగేసి నల్లగా కనపడతాది. అందుకే సానపట్టేటోళ్లు దీన్ని పొడుగుబిళ్లగా, అంచుల్లో మెట్లు మెట్లుగా కోస్తారు. పైనుంచి, పక్కనుంచి చూసేటోళ్లకు పచ్చే తగలాల, అదీ పనితనం" అని మామ పాఠం చెప్పాడు.

"సరే మామా" అన్నాను. అంత పాఠంలో నా చెవికెక్కింది పచ్చ అన్న ఒక్క మాటే. కానీ దుకాణం గుమ్మంలో వెలుతురుకు పట్టుకుంటే ఆ రాయి వానకు తడిసిన వేపాకులా ఉంది. తల కాస్త కదిపితే చాలు, లోపలి మెట్ల మీద వెలుగు ఎక్కి దిగేది. వేలి పొడవునా ఒదిగేట్టు బిగించిన ఆ రాయిని చూసుకుంటూ ఇంటిదాకా నడిచి రెండుసార్లు సైకిళ్లకు అడ్డం పడ్డాను.

సంబంధం గిద్దలూరు దగ్గర పల్లెలో, సేద్యం చేసుకునే వాళ్లది. పిల్ల ఫోటో ముందే చూశాను. ఫోటో తీసేవాణ్ణి కసురుతూ, ఆ కసురులోనే నవ్వు ఆపుకుంటున్నట్టుంది. ఈ పిల్ల కాదంటే నాకు పెళ్లే వద్దు అనుకున్నాను. ఆ మాట అమ్మకు చెప్పే ధైర్యం లేక మామకు చెప్పాను. పాఠం తెలిసిన ఆ మామకు పెళ్లిచూపుల రోజు దుకాణం కట్టేసి రావడానికి కుదరలేదు.

గోడవారగా మేం వరసగా కూర్చున్నాం. నాకు ఒక పక్క నాయన, ఒక పక్క అమ్మ. ఎదుటి వరసలో వాళ్లు. సరిగ్గా నాకు ఎదురుగా పిల్ల అవ్వ. ఆమెకు కంటి ఆపరేషన్ కొత్తగా అయింది. లోకంలో ప్రతిదాన్నీ పరీక్షగా చూసే హుషారులో ఉంది. నా మొహం అయింది, చొక్కా అయింది, చూపు దిగి వేలి మీద ఆగింది.

"ఏంది నాయనా, నల్లరాయి పెట్టినావు? నీకు గాని శని పట్టినాడా?"

"పచ్చరాయి అత్తా! బుధుడికి పెట్టించినాం" అంది అమ్మ.

"నాకు కండ్లు కనపడవనుకుంటివా?"

పిల్ల నాయన ముందుకు వంగి చూశాడు. "నల్లగానే ఉందే."

"పచ్చగా నిగనిగలాడతా ఉంటే నలుపంటావేంది బావా!" అన్నాడు నా పక్కనున్న నాయన. (బావ అనడానికి ఇంకా ఏమీ కుదరలేదు, అది వేరే సంగతి.)

పిల్ల అన్న ఫోన్ టార్చి వేసి ఎదురుగానే నిలబడి చూశాడు. "నలుపే" అని తేల్చేశాడు.

"పలకలు చేసే ఊరోళ్లు గదా, పలకముక్క పెట్టించుకున్నాడేమో" అంది అవ్వ. నవ్వబోయిన వాళ్లు ఆమె తర్వాతి మాటకు ఆగిపోయారు. "ఏలినాటి శనిని దాచిపెట్టి పిల్లనడగను వచ్చినారా?"

నాయన లేచి నిలబడ్డాడు. చూపు వాకిట్లో విడిచిన చెప్పుల మీదికి పోయింది. మామ పాఠమంతా అప్పుడు గుర్తొచ్చింది, పెన్సిలూ మెట్లూ కొనా అన్నీ ఒక్కసారే వచ్చి గొంతులో ఇరుక్కున్నాయి. బుధుణ్ణి తలుచుకుని బలమంతా పెట్టి తోస్తే బయటికొచ్చింది ఇంతే.

"ఎదురుగా కాదవ్వా... పక్కన కూసోని చూస్తే తెలుస్తాది."

అవ్వ మోకాళ్లు పట్టుకుని లేవబోతోంది. ఇంతలో టీ గ్లాసులతో లోపలి గుమ్మంలో నిలబడ్డ పిల్ల, ట్రే తెచ్చి వాళ్లన్న చేతుల్లో పెట్టి, నేరుగా వచ్చి మా నాయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. నా చేతి మీదికి వంగింది.

"పచ్చగా ఉందవ్వా. లోపల మెట్లు కూడా కనపడతాండాయి" అంది. తల ముందుకు చాపి నా వేలికొన వైపునుంచి చూసింది. "ఇట్ల చూస్తే నలుపే. రాయి గుణమే అంత గావాల. ఆయనకేం శని లేదు."

అందరి చూపులూ ఆమె మీదికే తిరిగాయి. అప్పటికి గాని తను ఎక్కడ కూర్చుందో ఆమెకు తట్టలేదు. మొహం కందిపోయింది. అయినా లేవలేదు.

అవ్వ మళ్లీ కుర్చీలో కూలబడి పకపకా నవ్వింది. "ఓరి దేవుడా, ఇదే పోయి పక్కన కూసునింది! ఇంగ రాయితో పనేముంది, శనితో పనేముంది? ఆ పిల్లోనికి టీ ఇయ్యండి, చెమటలు పడతాండాయి."

ఇప్పుడు ఆ ఉంగరం వేలికి బిగుసుకుపోయింది, సబ్బు రాస్తే గాని రాదు. మెట్ల అంచులు కాస్త అరిగాయి. రాళ్ల మామా లేడు, అవ్వా లేదు. మా ఆవిడకు నా మీద కోపమొస్తే టిఫిన్ దగ్గర ఎదురు కుర్చీలో కూర్చుని, నా చేతి వంక చూడకుండానే "నలుపే" అంటుంది. నేను కుర్చీ ఈడ్చుకుని ఆమె పక్కకు జరుగుతాను. ఈ ఏళ్లలో నాకు మాటలు బాగా వచ్చాయి, ఆపడమే కష్టమని ఇంట్లో అందరూ విసుక్కుంటారు. కానీ వేళ్లు బారుగా చాపుకుని, చెమటలు కక్కుతూ ఆ కుర్రవాడన్న ఒక్క మాటకు సాటివచ్చేది మళ్లీ ఇంతవరకూ నా నోట రాలేదు.