ఎడమ మర మీద బొటనవేలు

చింతపండు గుజ్జుతో ఇత్తడిని తోముతుంటే ఒక వాసన వస్తుంది. చాలామందికి అది పండగ వాసన. నాకు మాత్రం ఒక ఆదివారం గుర్తొస్తుంది. మొన్న గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా అదే వాసన. మా ఇంట్లో పనిచేసే యాదమ్మ దేవుడి సామాను తోమి బాల్కనీలో ఆరబెట్టి, హాల్లో నా రాతబల్ల ముందు నిలబడి ఉంది. ఆ బల్ల మీద ఒక పాత ఇత్తడి మైక్రోస్కోపు ఉంటుంది. "ఇది గూడ తోమి పెట్టనా అమ్మా? చింతపండు మిగిలింది" అంది. నేను చెప్పులైనా విప్పకుండా పరుగెత్తి దానికి అడ్డం నిలబడ్డాను. యాదమ్మ నావైపు వింతగా చూసింది. చూడదా మరి.

ఆ మైక్రోస్కోపు సాల్మన్ సారుది. తొంభైల చివర్లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, ప్రొద్దుటూరు నుంచి మదీనాగూడలో ఉన్న మా అన్న ఇంటికి వచ్చాను. చేతిలో బీఎస్సీ పట్టా, మనసులో కంప్యూటరు ఉద్యోగం. పొద్దున క్లాసుకి వెళ్లిరావడం, మధ్యాహ్నమంతా ఎక్కడి నుంచైనా పిలుపు వస్తుందేమోనని కూర్చోవడం. అన్న నిజాంపేట వైపు ప్లాట్లు అమ్మేవాడు, ఇంట్లో కనబడేది తక్కువ. పక్కింటి ముందు గదిలో సాల్మన్ సారు ఉండేవారు. ఒక కాలేజీ జువాలజీ లాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాక, పాత మైక్రోస్కోపులు బాగుచేయడం పెట్టుకున్నారు. "అటెండరును సార్ అంటావేమే" అని అన్న నవ్వేవాడు. లెక్చరర్లకి కూడా కటకం సరిచేసి చూపించింది ఆయనేనని అన్నకి తెలియదు. తెలిసినా నవ్వేవాడేలెండి, మా అన్న సంగతి నాకు తెలుసు.

మొదటిసారి కిటికీలోంచి ఆ గది చూసి ఆగిపోయాను. గోడ పొడుగునా చెక్క అరలు, వాటి మీద ఇత్తడి గొట్టాలు, చిన్న చిన్న అద్దాలు, గాజు పలకల పెట్టెలు. "లోపలికి రా బిడ్డా. జర మెల్లగ. ముసలోళ్లు పడుకున్నరు" అన్నారు. ముసలోళ్లంటే మైక్రోస్కోపులు. అప్పట్లో మాదాపూర్ రాళ్ల మధ్య కంప్యూటరు కంపెనీల గుండ్రటి పెద్ద భవనం లేచాక చుట్టుపక్కల ప్రతి గుట్ట ధరకీ రెక్కలొచ్చాయి. మా వెనక గుట్టని కూడా ప్లాట్ల కోసం పేల్చేవాళ్లు. మధ్యాహ్నం పన్నెండుకి ఈల వినిపించగానే సారు చేతిలో పని వదిలేసి, విప్పిపెట్టిన కటకాల మీద రెండు అరచేతులూ బోర్లించి కూర్చునేవారు. ఢామ్మని పేలుడు, అరల మీద సన్నటి గలగల, తర్వాత నిశ్శబ్దం. "ఏం కాలే, పండుకోండి" అని అరల వైపు చూసి చెప్పేవారు. నాకు నవ్వొచ్చేది. పది రోజులు తిరక్కుండా నేనూ అరచేతులు బోర్లించడం మొదలుపెట్టాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ మైక్రోస్కోపు వచ్చినా మొదటిరోజు దాన్ని విప్పరు. కిటికీ దగ్గర పెట్టి చూస్తారు, అంతే. చూసింది ఒక నోటుబుక్కులో పెన్సిలుతో గీస్తారు. పాత ఇత్తడి మీద బంగారు రంగు పూత ఉంటుంది. అది ఎక్కడ అరిగింది, ఎక్కడ నల్లబడింది, చూపు కుదిరేలా తిప్పే మరల్లో ఏది ఎటువైపు వదులైంది, అన్నీ ఆ బొమ్మలో ఉండాలి. నాకు ఓపిక తక్కువ. "దుమ్ము గదా సార్, తుడిస్తే ఏమవుతాది?" అన్నాను ఒకసారి.

"దీన్ని ఎవరో యాభై ఏండ్లు పట్టుకున్నరు బిడ్డా. ఏడ పట్టుకున్నరో సూడకుండ మనం పట్టుకుంటే ఎట్ల?" అన్నారాయన, తల ఎత్తకుండానే.

విన్నాను. తల కూడా ఊపాను. తలకెక్కలేదన్న సంగతి ఆ తర్వాత బయటపడింది.

ఒక శుక్రవారం నేను క్లాసులో ఉండగా కొండాపూర్ నుంచి సరోజినిగారనే రిటైరైన డాక్టరు తన తండ్రి మైక్రోస్కోపు తెచ్చి ఇచ్చి వెళ్లారు. ఆయనా డాక్టరే, ఏలూరు వైపు. మర బిగుసుకుపోయింది, తిరిగితే చాలు అన్నారట ఆవిడ. సారు ఆ రోజంతా చూసి బొమ్మ గీసుకుని, శనివారం మర సరిచేశారు. ఆదివారం చర్చికి వెళుతూ ఎప్పటిలాగే గది తాళం నాకిచ్చారు. నాకు రెండో ఇంటర్వ్యూ కూడా చేజారిన వారం అది. ఏదో ఒక పని బాగా చేశావనిపించుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. మా ఇంట్లో వదిన మర్నాటి పూజకి ఇత్తడి సామాను తోముతోంది. మా ఇళ్లలో ఇత్తడిని గౌరవించడమంటే అదే, మొహం కనబడేలా తోమడం. కాస్త చింతపండు గుజ్జు, ఇటుక పొడి, కొబ్బరి పీచు తీసుకుని వెళ్లాను. కటకాలు జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టాను, అంత తెలివి ఉంది. మిగతాదంతా రెండు గంటలు తోమాను. కిందికి గోధుమరంగు నీళ్లు కారుతుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాను.

సారు చర్చి నుంచి తెల్లచొక్కాతో వచ్చి, గడపలోనే ఆగి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. నోటుబుక్కు తెరిచి ఒక పేజీ నా ముందు పెట్టారు. ఎడమవైపు మర మీద, పూత అరిగిపోయిన చోట, పెన్సిలుతో చిన్నగా కోడిగుడ్డు ఆకారం గీసి ఉంది.

"ఇది ఆమె నాయిన బొటనేలు. నలభై ఏండ్లు ఆడనే పెట్టి తిప్పిండట. మర తిరగాలె గని ఆ జాగ ముట్టొద్దన్నది" అన్నారు.

నా ఎదురుగా ఉన్న మర ఉగ్గు గిన్నెలా తళతళలాడుతోంది. అంతా ఒకే మెరుపు. ఏడుపొచ్చింది. "మళ్లా పూత పూసి, ఆ చోటు మాత్రం వదిలేద్దాం సార్. బొమ్మ ఉండాది గదా" అన్నాను.

"అప్పుడు ఆ మచ్చ ఎవరిదైతది? నాదైతది. ఆమె నాయినది గాదు."

మైక్రోస్కోపు చెక్కపెట్టెకి అడుగున ఒక చిన్న సొరుగుంది. అది ఉబ్బి బిగుసుకుపోవడంతో నా చింతపండు చెయ్యి దాని లోపలిదాకా పోలేదు. ఆ వారంలో సారు అంచులకి కొవ్వొత్తి మైనం రాసి, రోజుకి కాస్త కదిలిస్తూ దాన్ని తెరిచారు. లోపల సన్నటి పట్టకారు, ఇంకొక కంటి కటకం, పదిపన్నెండు గాజు పలకలు. ప్రతి పలకకీ అతికించిన కాగితం మీద సరోజినిగారి నాన్నగారి చేతిరాత. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వెళ్లగానే ముందు ఇదే ఆవిడ చేతిలో పెట్టేద్దామన్నాను.

సారు పని ఆపి నావైపు తిరిగారు. "లేదు బిడ్డా. ముందు పోయింది చెప్పు. తర్వాత మిగిలింది చూపెట్టు. అటుదిటు చేసినవనుకో, ఆమెకు నువ్వు లంచమిచ్చినట్టయితది."

ఇద్దరం బస్సులో కొండాపూర్ వెళ్లాం. పెట్టె సారు ఒళ్లో, నా చేతులు ఖాళీగా నా ఒళ్లో. సరోజినిగారు తలుపు తీసి, కూర్చోబెట్టి, పెట్టె తెరిచారు. ఆవిడ చెయ్యి నేరుగా ఎడమ మర మీదికే వెళ్లింది. నేను లేచి నిలబడ్డాను. "నేను తోమినానమ్మా. మీ నాన్నగారి వేలి గుర్తు పోయింది. నేనే పోగొట్టినాను" అన్నాను.

ఆవిడ సారుని అడిగారు. "ముట్టుకోవద్దని చెప్పానుగదండీ?"

"చెప్పిన్రమ్మా. ఈ బిడ్డకు నేను చెప్పలే. అంతమట్టుకు తప్పు నాది."

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారు. సొరుగు తెరవనా అన్నట్టు సారు వైపు చూశాను. తల అడ్డంగా ఊపారు. వెళ్లిపోదామా అన్నట్టు చూశాను. దానికీ అడ్డంగానే ఊపారు. చాలాసేపటికి ఆవిడ రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, "ఇంకేమన్నా ఉందాండీ?" అన్నారు. అప్పుడు సారు నాకు కనుసైగ చేశారు.

సొరుగు లాగాను. ఆవిడ పలకలు ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చదువుతున్నారు. చేప పొలుసు. ఉల్లి పొర. నాలుగోది పట్టుకుని ఆగిపోయారు. దాని మీద 'సరోజిని వెంట్రుక, ఐదో ఏడు' అని ఉంది. కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చారు, తర్వాత కాసేపు నవ్వారు. క్షమించానని అనలేదు. ఆ పలకని మైక్రోస్కోపు కింద తనే పెట్టి, కన్ను ఆనించి, "నాకు చేతులు వణుకుతున్నాయి. మర నువ్వు తిప్పమ్మా" అన్నారు. తిప్పాను. "ఆగు, ఆగు. కనబడింది" అన్నారు.

తిరుగు బస్సులో సారు నాకు సోంపు పెట్టి, "మంచిగ తిప్పినవ్" అన్నారు. ఆ ఒక్కమాటే.

ఏడాది తిరక్కముందే ఆ గుండ్రటి భవనంలోనే, సాఫ్టువేరులో తప్పులు వెదికే ఉద్యోగం దొరికింది. మూడో నెలలో నా పొరపాటు వల్ల మా జట్టు రెండు వారాల ఫలితాలు చెరిగిపోయాయి. సగానికి పైగా మరోచోట భద్రంగా ఉన్నాయి. మేనేజరు గదిలోకి వెళ్లి ముందు పోయింది చెప్పాను. మిగిలింది ఆయన అడిగాక చూపించాను. ఇన్నేళ్లలో ఆ వరస తప్పలేదు. తప్పాలనిపించిన రోజులు మాత్రం బోలెడు.

సారు పోయాక ఆయన భార్య రూతమ్మగారు ఆయన సొంత మైక్రోస్కోపు నాకు పంపించారు. సారుది ఎడమచేతి వాటం. దాని ఎడమ మర మీద పూత అరిగి ఆయన బొటనవేలంత చోటు పాలిపోయి ఉంటుంది. పనిలో మనసు నిలవని సాయంత్రాలు దాని ముందు కూర్చుని, మెంతి ఆకో చీమ రెక్కో పెట్టి చూస్తుంటాను. ఎడమ మరని మాత్రం ముట్టను.

మొన్న అదంతా యాదమ్మకి చెప్పాను. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని, వంగి, మైక్రోస్కోపుని రెండు వైపులా తేరిపార చూసింది.

"ఎడమ దిక్కుది మీ సారుదంటివి. మరి కుడి దిక్కు గూడ పోయింది గదమ్మా. గిది ఎవరిది?"

కళ్లజోడు పెట్టుకుని చూశాను. కుడి మర మీద, గోరంత మేర, పూత పలచబడి ఉంది. ఎప్పుడు మొదలైందో నేను గమనించనేలేదు. నా కుడి బొటనవేలు దాని మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

"నాదే" అన్నాను.