చెంబుతో పిలిచిన పిలుపు

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం బంగారు గనుల ఊరిగాంలో, గని కార్మికులకు వరసగా కట్టిన పాత లైను ఇంట్లో ఎప్పటిలాగే ఒక్కడినే ఉన్నాను. ఉన్నట్టుండి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అద్దంలో ఉబ్బిన ముఖం చూసి, ఏళ్ల తర్వాత ఇంటికి చుట్టమొచ్చాడనుకున్నాను. అంతలో గొంతు బిగుసుకుంది. అరవబోతే గాలే వచ్చింది. చెంబుతో పక్కింటి గోడ బాదాను.

"మేకులు కొట్టేదానికి ఇదేనా టైము? ఆపప్పా!" అని అరిచింది పక్కింటి మునెమ్మత్త. ఆపలేదు. తిట్టుకుంటూ వచ్చి, నన్ను చూసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

సూది వేశాక ఊపిరాడింది. అలర్జీ అన్నాడు డాక్టరు, ఎందుకొచ్చిందో ఆయనకూ తెలియలేదు.

"ఈయనకి తోడెవరు?" అని నర్సు అడిగింది.

"ఈయప్పకి ఎవురూ లేరమ్మా. నా పేరే రాసుకో" అంది అత్త.

వీధినంతా నవ్వించే నాకు మొదటి మాటకి కన్నీళ్లొచ్చాయి. రెండో మాటకి ఇంకా ఎక్కువొచ్చాయి. అలర్జీ వల్లేనని అత్తకి చెప్పాను.