ఒక్కసారే లాగి చూడాలి

నిన్న సాయంత్రం రాజమండ్రిలో రోడ్డు పక్కన ఊలు టోపీలు పరిచిన చోట మా పాప ఆగిపోయింది. పొద్దున్నే మంచులో స్కూలు బస్సు ఎక్కాలి కదా, చెవులు కప్పే టోపీ కావాలంది. అదీ కుందేలుదే కావాలంది. చేతిలోకి తీసుకున్నాను. కొత్త ఊలు గరుకు తగలగానే నా వేళ్ళు నన్ను అడక్కుండానే కుందేలు కన్ను పట్టుకుని గట్టిగా లాగాయి. నల్లటి గుండీ దారంతో సహా ఊడి వచ్చింది. దుకాణమతను నావైపు, నా చేతిలో గుండీవైపు చూశాడు. "కొంటారా అండి, పీకి వెళ్ళిపోతారా?" అన్నాడు. చిన్నపిల్లలు పెట్టుకునే టోపీ, ఊడి నోట్లోకి పోతే ఎలాగండి అన్నాను. "అంత పిల్ల గుండీలు తింటదా అండి?" అని అతను నవ్వాడు. పాప సిగ్గుపడి నా వెనక దాక్కుంది. టోపీ కొని, ఇంటికొచ్చి రెండో గుండీ కూడా తీసేసి, నల్లదారంతో కళ్ళు కుట్టాను. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ లాగుడు నాది కాదు. అనసూయమ్మగారి దగ్గర అబ్బింది.

అనసూయమ్మగారు రామచంద్రపురంలో మా వీధి చివరి ఇంట్లో ఉండేవారు. పుట్టిల్లు నరసాపురం వైపు. అక్కడి ఆడపిల్లల్లాగే చిన్నప్పుడే లేసు అల్లిక నేర్చుకున్నారు. సన్నటి తెల్లదారంతో లేసులు అల్లిన చేత్తోనే తరవాత ఊలు పట్టుకుని, చలి ప్రాంతాల్లో ఉండే పసిపిల్లలకి బొమ్మల టోపీలు అల్లించి పంపేవారు. ఎలుగుబంటి, కుందేలు, కప్ప, పులి, గుడ్లగూబ. జనవరిలో కూడా మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే మా ఊళ్ళో ఆవిడ వరండా నిండా చెవులున్న ఊలు టోపీలే. తలకి సరిపోతాయో లేదో చూడటానికి వాటిని కొబ్బరి బొండాలకి తొడిగేవారు. వీధిలోంచి చూస్తే పిల్లలు వరసగా కూర్చుని, మొహం లేకుండా మనవైపు చూస్తున్నట్టుండేది. మా అత్తయ్యగారికి ఆ ఇల్లు దాటాలంటేనే ఇష్టం ఉండేది కాదు.

నేను అక్కడ చేరేనాటికి పాపకి ఎనిమిదో నెల. బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్నాను. ఆవిడకి ఆర్డర్లు ఫోనులో ఇంగ్లీషులో వచ్చేవి. జవాబులు రాయడానికి, ఫోటోలు తీయడానికి మధ్యాహ్నం పూట మనిషి కావాలన్నారు. నాకూ ఇంట్లోంచి బయటపడటం అవసరం. పాప పుట్టినప్పటి నుంచి నాకు ప్రతిదాని మీదా అనుమానమే. నిద్రపోతున్న పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. పాలపొడి డబ్బా మూత వదులుగా ఉంటే ఆ డబ్బా వాడేదాన్ని కాదు. మావారు రొయ్యల మేత అమ్మే పనిమీద ఊళ్ళు తిరుగుతారు. ఇంటికి వచ్చినప్పుడల్లా, "ఇవాళ ఎవరిమీద అనుమానం?" అని నవ్వేవారు.

అనసూయమ్మగారి మీద కూడా మొదటిరోజే అనుమానం వచ్చింది. "బొండాలకెందుకండి, మా పాపకి పెట్టి ఫోటో తీద్దాం, బాగుంటుంది" అన్నాను. "వద్దమ్మాయ్" అన్నారు. ఎందుకని అడిగాను. "ఆ ఫోటో ఎవడు చూస్తాడో, ఎక్కడ పెట్టుకుంటాడో నీకు తెలుసా? నాకు తెలీదు. బొండానికైతే ఎవడి దిష్టీ తగలదు." ఆ మాట నేను నమ్మలేదు. పాప నలుపని వద్దన్నారనుకున్నాను. వీధిలో అందరూ బుగ్గలు పుణికి ముద్దాడే పిల్లని ఆవిడ ఒక్కసారి కూడా బాగుందనలేదు. ఊలు తూచి ఇచ్చేవారు, టోపీ తూచి తీసుకునేవారు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సత్యవతి అనే ఆవిడ మాతోపాటు అల్లేది. "ఈవిడ తన నీడని కూడా తూకం వేసి గానీ గడప దాటనివ్వదండి బాబూ" అనేది, అనసూయమ్మగారికి వినబడేలాగే. "నీ నీడ అయితే రెండుసార్లు తూస్తాను" అనేవారు ఆవిడ, సూదిమీంచి తల ఎత్తకుండా.

ఆ వరండాలో అల్లేవాళ్ళు టోపీ ఇంటికి పట్టుకెళ్ళి పూర్తిచేసి తెచ్చేవారు. గుడ్లగూబని మాత్రం ఎవరూ ఇంటికి తీసుకెళ్ళేవారు కాదు. మరీ బతిమాలితే కళ్ళు లేకుండా అల్లి తెచ్చేవారు. కళ్ళు పెట్టాక అది ఇంట్లో ఉండకూడదట. అందుకని గుడ్లగూబల కళ్ళన్నీ అనసూయమ్మగారే కుట్టేవారు. గుండీలు, పూసలు ఆ ఇంట్లో కనబడకూడదు. దారంతో గుండ్రంగా అల్లి, దాన్ని టోపీకి కుట్టాలి. కుట్టినవాళ్ళు కాకుండా ఇంకొకరు లాగి చూడాలి. అది అక్కడి పద్ధతి. ఒకరోజు ఫోటో సరిగ్గా రాలేదని అందరి ముందూ నన్ను చీవాట్లు పెట్టి, కాసేపటికి తాను పూర్తిచేసిన గుడ్లగూబని నా ఒళ్ళో పడేశారు. "లాగు" అన్నారు. "మీరు కుట్టిందే కదండీ" అన్నాను. "అందుకే." కోపం మీద ఉన్నానేమో, బలమంతా పెట్టి లాగాను. కన్ను ఊడి వచ్చింది. సత్యవతి అల్లడం ఆపేసింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని దారం కొస చూసి, "ఊఁ, ముడి పడలేదు. బాగా లాగావు" అన్నారు. మళ్ళీ కుట్టి నాకే ఇచ్చారు. లాగాను, నిలిచింది. ఇంకోసారి లాగబోతుంటే టోపీ లాక్కున్నారు. "చాలు. ఒక్కసారి గట్టిగా లాగాలి. నిలిచిందా, చెయ్యి తీసెయ్యాలి. ఊరికే లాగుతుంటే గట్టి ముడి కూడా వదులవుద్ది. అప్పుడు తప్పు ముడిది కాదు, నీది." ఏమైనా అనుకున్నారా అండి అని అడిగాను. "టోపీని లాగితే నన్ను లాగినట్టా?" అన్నారు. అది మంచితనమో, అందరి ముందూ పరువు నిలబెట్టుకోవడమో అప్పుడు నాకు తెలియలేదు.

దసరా వెళ్ళాక ఇంట్లో ఒక మార్పు కనబడింది. నేను పనినుంచి వచ్చేసరికి నా అడుగుల చప్పుడుకే పాకుతూ వచ్చే పాప నిద్రపోతూ ఉండేది. ఎత్తుకుంటే మెడ వాలిపోయేది. నోటి దగ్గర తియ్యటి వాసన. ఆ ముందు నెల జలుబు చేస్తే డాక్టరుగారు దగ్గు మందు రాసి, తగ్గాక మళ్ళీ తనని అడక్కుండా వాడొద్దన్నారు. ఆ సీసా ఫ్రిజ్ మీద ఉంది. మధ్యాహ్నాలు పాపని చూసుకునేది మా అత్తయ్యగారు. నాకు అనుమానం వచ్చింది, కానీ అడగలేదు. చెంచాలు వాసన చూసేదాన్ని. సీసా జరిపిపెట్టి, సాయంత్రం వచ్చి అది కదిలిందేమో చూసేదాన్ని. పని మధ్యలో ఫోన్ చేసి "ఏం చేస్తోందండి?" అనేదాన్ని. ఛార్జరు మర్చిపోయానన్న వంకతో చెప్పాపెట్టకుండా వచ్చేదాన్ని. "ఏంటమ్మా, పోలీసోళ్ళలా దిగుతున్నావు ఈమధ్య" అని అత్తయ్యగారు నవ్వబోయి నవ్వలేకపోయారు. తరవాత నాతో కూర్చుని భోంచెయ్యడం మానేశారు. మావారితో అంటే, "మా అమ్మ నలుగురిని పెంచింది" అన్నారు. మా అమ్మకి ఫోన్ చేస్తే, "ఛ, పెద్దావిడ అలా చేస్తారా" అంది. అందరూ కాదనేకొద్దీ నాకు అనుమానం పెరిగింది.

"ఏంటమ్మాయ్, ఆ చెవి నీకేం అపకారం చేసింది?" అన్నారు అనసూయమ్మగారు ఒకరోజు. చూసుకుంటే నా చేతిలో ఎలుగుబంటి చెవి ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఎంతసేపటి నుంచి లాగుతున్నానో. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లోపలికి పిలిచి తలుపు వేశారు. అంతా చెప్పాను. ఆవిడ కూడా అలా చెయ్యరులే అంటారనుకున్నాను. "చేసి ఉండొచ్చు" అన్నారు. ఆ ఒక్క మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు పిచ్చి పట్టలేదని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. "చెయ్యకపోయీ ఉండొచ్చు. అడిగావా?"

"ఎలా అడుగుతానండి, గొడవైపోద్ది."

"చెంచాలు వాసన చూస్తుంటే అవట్లేదా? ఆవిడకి తెలీదనుకుంటున్నావా? ఇవాళ వెళ్ళి ఎదురుగా కూర్చుని ఒక్కసారి అడుగు. గట్టిగానే అడుగు. చెప్పేది విను."

"అబద్ధం చెబితే?"

"ఏమోనమ్మా. నాకు దారం సంగతి తెలుసు. మనిషి సంగతి తెలీదు" అన్నారు.

ఆ సాయంత్రం అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నేనూ కొన్ని కాయలు చేతిలోకి తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. "అత్తయ్యా, పాపకి ఆ దగ్గు మందు పడుతున్నారా?" అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది. కాయని పళ్ళెంలో పెట్టారు. "పడుతున్నానమ్మా" అన్నారు. లేదంటే ఏమనాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అవునంటే ఏమనాలో అనుకోలేదు. ఆవిడే చెప్పారు. "నువ్వు వెళ్ళగానే ఏడుపు మొదలెడద్ది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టేస్తది. నాకు భయం. ఎత్తుకుని తిప్పుదామంటే మోకాళ్ళు లేవవు. నీకు చెబితే పని మానేస్తావు. మానేశాక ఈ ముసల్ది మానిపించిందని నలుగురూ అంటారు. డాక్టరు రాసిందే కదా, ఓ చెంచా పడితే ఏంటిలే అనుకున్నా." చేతిలో కాయల్ని పళ్ళెంలోకి విసిరేసి లేచాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మర్నాడు పొద్దున్నే పాపని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తుంటే, పిలవకుండానే ఆటో ఎక్కి నా పక్కన కూర్చున్నారు. నేను నోరు తెరవకముందే, "నేనే పట్టానండి" అని చెప్పారు. ఆయన పాపని అంతా పరీక్షించి, ప్రమాదం లేదని చెప్పి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టారు. పసిపిల్లలకి ఇలా మందు పడితే ఊపిరికే ముప్పన్నారు.

పని మానేస్తానని అనసూయమ్మగారికి చెప్పాను. "ఊడిన కన్నుని మళ్ళీ కుట్టుకుంటున్నాం కదా, టోపీ పారేస్తున్నామా?" అన్నారు. నాకు మండింది. "అది టోపీ అండి. ఇది నా కూతురు" అన్నాను. "నిజమే" అన్నారు ఆవిడ. "అయితే పాపని ఇక్కడికి తీసుకురా. మీ అత్తగారిని కూడా తీసుకురా." వాళ్ళిద్దరినీ తన కళ్ళముందు పెట్టుకుని ఆవిడేం చెయ్యాలనుకుంటున్నారో అనుకున్నాను. అత్తయ్యగారు మొహం తిప్పుకుంటూ వచ్చారు. బొండాలకి దూరంగా, గోడకి జేరబడి కూర్చున్నారు. "వదినగారూ, ఊరికే కూర్చుంటే తోచదు. కాస్త ఇవి లాగి చూద్దురూ" అని అనసూయమ్మగారు టోపీల బుట్ట ముందుకి తోశారు. తోటలో, చేలో పనిచేసిన చేతులు అత్తయ్యగారివి. మొదటి రోజే సత్యవతి కుట్టిన కప్ప కన్ను, అక్కడ నేర్చుకుని నేను కుట్టిన కుందేలు చెవి ఊడదీశారు. "ఇదేంటండి బాబూ, అత్తాకోడళ్ళు కలిసి మా పొట్టలు కొట్టేలా ఉన్నారు" అంది సత్యవతి. అత్తయ్యగారు అప్పుడు నవ్వారు, చాలా రోజుల తరవాత. పాప ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. అనసూయమ్మగారు కూడా ఒకసారి ఎత్తుకున్నారు. బాగుందని మాత్రం అప్పుడూ అనలేదు.

అలా చలి రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను బయల్దేరుతుంటే అత్తయ్యగారు, "ఆ ఊలు నూగుకి పిల్ల తుమ్ముతోందమ్మా. ఇవాళ్టి నుంచి ఇంట్లోనే ఉంచుతా. ఏడిస్తే నీకు ఫోన్ చేస్తా" అన్నారు. నా మొహంలోకి చూడకుండా అన్నారు. వద్దనడానికి నా దగ్గర చాలా కారణాలు ఉన్నాయి. "సరే అత్తయ్యా" అన్నాను. ఆ మధ్యాహ్నం ఒక్క జవాబు కూడా తిన్నగా రాయలేకపోయాను. ఫోన్ తీసినప్పుడల్లా అనసూయమ్మగారు చూశారు. అత్తయ్యగారి ఫోన్ మూడింటికి వచ్చింది. వెనక పాప ఏడుపు వినబడుతోంది. "ఏడుస్తోందమ్మా, రా" అన్నారు. వెళ్ళాను. అంత సంతోషంగా ఏ ఏడుపూ వినలేదు నేను.

అనసూయమ్మగారు కిందటి వానాకాలంలో పోయారు. ఆవిడ గురించి రాస్తుంటే కూడా నాకు అనుమానమే, ఉన్నదానికంటే మంచిగా రాస్తున్నానేమోనని. ఆవిడ మెత్తటి మనిషి కాదు. తూకం తగ్గిందని ఒకామెని అందరి ముందూ ఏడిపించడం నేను చూశాను. నమ్మడం ఎలాగో ఆవిడ నాకు నేర్పలేదు. అది ఆవిడకీ రాదనుకుంటాను. అడగడం నేర్పారు, అడిగాక చెయ్యి తియ్యడం నేర్పారు. రెండోది నాకు ఇంకా పూర్తిగా రాలేదు.

ఇప్పుడు పాప పక్క గదిలో నానమ్మ దగ్గర పడుకుంది. నిన్నటి నుంచి కాస్త దగ్గుతోంది. ఏమైనా పట్టారా అని భోజనాల దగ్గర అత్తయ్యగారిని అడిగాను. ఏమీ లేదమ్మా, వేడినీళ్ళే అన్నారు. ఈ వాక్యం రాస్తుంటే పాప మళ్ళీ దగ్గింది. మంచం కిర్రుమంది. గ్లాసు చప్పుడు, దాని వెనక చెంచా చప్పుడు వినిపించాయి. లేచి తలుపు దాకా వెళ్ళాను. గ్లాసులో ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే వెనక్కి వచ్చి కూర్చున్నాను.