రెండేనుగుల మధ్య రాజు

"రాజు మధ్యలో కదా ఉండాల. అంచుకు ఎవురు తోసినారు?" అన్నాను నేను.

"ఎవురూ తొయ్యలేదు జేజీ. ఫోను అట్ల పెట్టమనింది."

"ఫోను చెప్తే రాజు ఇల్లు మారుస్తాడా? ఏంది ఈ ఆట?"

"రేపు ఒంగోల్లో కూడా ఇట్లనే జేజీ. వెనక వరస ఫోను ఎట్ల కలిపితే అట్ల. భయమైతే చెప్పు, పలక ఎత్తేస్తా."

భయమట. నా కొడుకు కూతురు, ఏడో తరగతి పిల్ల, నన్ను పట్టుకుని అన్న మాట అది.

ఆ రోజుల్లో మార్కాపురంలో మాకు చదరంగమంటే పలకే. మూడో తరగతిలో బడి మాని, కాస్త ఎదిగాక పలకల కార్ఖానాలో చేరాను (నా చేతిలో పలక ఉన్నది బడిలో కంటే అక్కడే ఎక్కువ). పగులు పట్టిన ఒక పెద్ద పలక మీద మేకుతో గళ్లు గీసి, అన్నం వేళ మా మేస్త్రి ఆట నేర్పాడు. పదహారేళ్లప్పుడు ఆయననే ఓడించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, గిన్నె పట్టుకుని కోత మిషను వెనక కూర్చుని తిన్నాడు. అంత పెద్దాయనకు ఇంత ఉక్రోషమేందని పనిలోని ఆడవాళ్లందరికీ చెప్పి చెప్పి నవ్వాను. మూడోరోజు పొద్దున ఆ పలక తెచ్చి నా ఒళ్లో పెట్టి పోయాడు. అప్పటినుంచి దాని మీద నన్ను ఓడించినవాళ్లు మా వీధిలో లేరు. నా పద్ధతి ఒకటే. ఇంట్లో ఎట్లాగో ఆటలోనూ అంతే, ఏదీ ఊరికే పోనివ్వను. అవసరం లేకుండా ఒక్క బంటును కూడా కదపను.

పిల్ల ఒంగోలు పోటీకి పోతానంది. వాళ్ల నాయన సరేనన్నాడు, నేను కుదరదన్నాను. పరీక్షలు పెట్టుకుని ఊళ్లు తిరిగే ఆటలు మనింట్లో లేవన్నాను. ఏడుస్తుందనుకుంటే, పలక తెచ్చి నా ముందు పెట్టింది. తను గెలిస్తే పోతుంది, ఓడితే ఇక ఆ ఊసెత్తదు. నాకు నవ్వొచ్చి ఒప్పుకున్నాను. వెనక వరస తారుమారు చేస్తుందని అప్పుడు చెప్పలేదు.

మంత్రి పోయి కుడి మూలన కూర్చున్నాడు. రాజు ఎడమ అంచు పక్క గడిలో, రెండేనుగుల మధ్య. తలా పది నిమిషాలు, ఎత్తు వేయగానే ఫోనులో గడియారం నొక్కాలి (అద్దం అరుగుతుందని నేను మెల్లగా నొక్కేదాన్ని, ఫోను పట్టించుకునేది కాదు). మొదట ఎక్కడ ఏముందో వెతుక్కున్నా, పోనుపోను ధైర్యమొచ్చింది. అటొక ఏనుగు, ఇటొక ఏనుగు, ముందు మూడు బంట్లు, వాకిట్లో గుర్రం కాపలా. ఇంత భద్రంగా నా రాజు ఎన్నడూ లేడు.

అప్పుడు పిల్ల తన ఏనుగును తెచ్చి నా గుర్రం ముందు పెట్టింది.

"ఏందే, ఏనుగును ఊరికే పారేస్తావా?"

"నీకే ఇచ్చినా జేజీ. తిను."

నేను పెంచిన పిల్లకు ఇంత దుబారా ఎక్కడిదా అని బాధపడుతూనే, గుర్రంతో ఆ ఏనుగును తిన్నాను. వచ్చింది వదులుకునే రకం కాదు కదా నేను. కాపలా గుర్రం పక్కకు తప్పుకోగానే పిల్ల తన గుర్రాన్ని నా వాకిట్లోకి దూకించి రాజుకు గురిపెట్టింది. దాన్ని పట్టేవాడు లేడు. రాజు పారిపోదామంటే అటూ ఇటూ నా ఏనుగులే, ముందు నేను కదపని బంట్లే.

"అయిపోయింది జేజీ" అంది మెల్లగా.

లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ వచ్చి చూశాను. రాజు అట్లనే ఉన్నాడు. ఎదుటివాళ్ల మంత్రి కాదు, మంది కాదు, నా సొంత ఏనుగులే ఊపిరాడకుండా నొక్కిపెట్టినాయి. ఆ పూట ఎవరితోనూ మాట్లాడక, గిన్నె పట్టుకుని పెరట్లో నీళ్ల తొట్టి వెనక కూర్చున్నాను. సగం తిన్నాక మా మేస్త్రి గుర్తొచ్చాడు. మిగతా సగం లోపలికి తెచ్చి పిల్ల పక్కన కూర్చుని తిన్నాను.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు పిల్లా నేనూ ఒంగోలు బయల్దేరాం. నిమ్మకాయ పులిహోర కట్టాను, కిటికీ పక్కన దాన్ని కూర్చోబెట్టాను. అది నిద్రపోయింది. నేను పలక ఒళ్లో పెట్టుకుని, ఆ ఏనుగును తినకుండా ఉంటే ఏమయ్యేదో పొదిలి దాకా చూస్తూ కూర్చున్నాను.