కిటికీ అవతలి పాఠం

హాలు గేటు ముందు ఆటో దిగి తలెత్తగానే అమలమ్మకు ఫ్లెక్సీ కనిపించింది. పైన పెద్ద అక్షరాలతో గాత్ర విద్వాంసులు వెంకటప్పయ్యగారి శతజయంతి అని ఉంది. కింద బొమ్మ. గురువుగారు చిరునవ్వు నవ్వుతూ ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. పిల్లకు తెల్ల గౌను, మెడలో శిలువ, నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు.

ఆ పిల్ల తనే. అమలమ్మకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల వయసులో తనకు తెల్ల గౌను ఎక్కడిది? అక్క విడిచిన పరికిణీ, అదీ అంచు చిరిగింది. గౌను సంగతి పోనీ, ఆ చాప మీద తను ఏనాడూ కూర్చోలేదు. ఆ ఇంటి గడప ఏనాడూ తొక్కలేదు. చాప అంచు ఎర్రగా ఉండేదన్న మాట కూడా కిటికీలోంచి చూసి తెలుసుకున్నదే.

బెజవాడ సత్యనారాయణపురంలో ఇప్పుడు వెడల్పాటి రోడ్డు ఉన్న చోట అప్పట్లో రైలు పట్టాలుండేవి. అమలమ్మ వాళ్ల నాన్న ఆ లైను మీద గ్యాంగ్‌మన్. పట్టాల పక్క క్వార్టర్లో కాపురం. పాలచెంబు పట్టుకుని వీధిలోకి వెళ్లిన పిల్ల ఒకరోజు వెంకటప్పయ్యగారి కిటికీ దగ్గర ఆగింది. ఆగి, ఆరేళ్లు అక్కడే ఉండిపోయింది. పొద్దున్నే పాఠం మొదలయ్యే వేళకు వచ్చి, కమ్మీలకు కుడిచెవి ఆనించి నిలబడేది. లోపల పిల్లలు చాప మీద. బయట ఎండ, వాన, వీధికుక్కలు, ఈమె. ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. గురువుగారు ఆమెను చూడలేదనుకుందామంటే ఆయన కూర్చునేది సరిగ్గా కిటికీకి ఎదురుగా.

వెంకటప్పయ్యగారిది పెద్ద గొంతు. సన్నగా సాగదీసి మురిపించే అలవాటు లేదు. రాగాన్ని క్లుప్తంగా ఆలపించి తిన్నగా కృతిలోకి దిగేవారు. కళ్లు మూసుకుని పాడేవాళ్లను చూస్తే ఆయనకు చిరాకు, ఎదుట ఇంతమంది కూర్చుని ఉంటే నిద్రపోతారేమిటయ్యా అనేవారు. అయితే ఆయన పాటలో అందరూ విశేషంగా చెప్పుకునేది ఇంకొకటుంది. పాటలో ఒకే పాదాన్ని కొత్త మలుపుతో పాడడాన్ని సంగతి అంటారు కదా, ఆయన ఒక్కో సంగతినీ మూడేసిసార్లు పాడేవారు. మొదటి రెండుసార్లూ మామూలుగా. మూడోసారి గొంతు బాగా పెంచి, ఏ స్వరానికి ఆ స్వరం విడివిడిగా తెలిసేలా నిదానంగా. పాఠంలో మొదలైన ఈ అలవాటు కచేరీల్లోకీ వచ్చేసింది. మూడోసారి వచ్చేసరికి మైకువాళ్లు మీట మీద చెయ్యి వేసుకుని కాచుకుని ఉండేవారట.

ఈ మైకు ముచ్చట చెప్పేది తిరుపతిరావుగారు. అప్పట్లో ఆ చాప మీద కూర్చున్న పిల్లల్లో ఒకరు, లెక్చరరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు ఈ శతజయంతి జరిపే సంగీత సభకు కార్యదర్శి. పాత విద్వాంసుల ముచ్చట్లు చెప్పడంలో బెజవాడలో ఆయన్ని మించినవాళ్లు లేరు. వేడి ఉప్మా పడితే గానీ నోరు పెగలని గాయకుడు, తంబూరా శ్రుతి కుదరలేదని పెళ్లిపందిట్లోంచి లేచిపోయిన పెద్దమనిషి, ఫిడేలాయనతో మాటలు మానేసి వేదిక మీద స్వరాలతోనే తిట్టుకున్న భాగవతారు, ఇలా ఆయన దగ్గర బోలెడు. గురువుగారు మూడోసారి గొంతు పెంచడానికి ఆయన చెప్పే కారణం రైలు. రైలు చప్పుడులో పిల్లలకు వినపడదని పెంచేవారు, అదే బాణీగా స్థిరపడిపోయింది అంటారు.

ఐస్‌ఫ్రూట్ ముచ్చటంటే ఆయనకు మరీ ఇష్టం. వీధిలో పోతున్న ఐస్‌ఫ్రూట్ బండి గంట సరిగ్గా పంచమంలో మోగిందని గురువుగారు పాఠం ఆపేసి, బండివాణ్ని పిలిచి, పిల్లలందరికీ కొనిచ్చారట. అది నిజమే. అమలమ్మ ఆ బండి పక్కనే నిలబడి ఉంది. లోపలికి వెళ్లినవాటిని చూసింది, బండి వెళ్లిపోవడం చూసింది, మళ్లీ చెవి కమ్మీలకు ఆనించి మిగతా పాఠం విన్నది. ఆ ముచ్చట విని జనం నవ్వినప్పుడల్లా ఆమెకు నోరు ఎండిపోతుంది. పిల్లలందరికీ అంటారు చూడండి, ఆ 'అందరికీ' అన్న మాట దగ్గర.

రైలు ముచ్చట మాత్రం శుద్ధ అబద్ధం. ఆ సంగతి అమలమ్మకు తెలుసు, గురువుగారి కూతురు రాజ్యలక్ష్మికీ తెలుసు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకసారి అమలమ్మ జ్వరంతో వారం రోజులు మంచం పట్టి, లేచాక వీధి కుళాయి దగ్గర రాజ్యలక్ష్మి కనబడితే పాఠం ఎంతదాకా వచ్చిందని అడిగింది. నువ్వు రాని రోజుల్లో నాన్నగారు ఏదైనా రెండేసిసార్లే పాడారు అంది రాజ్యలక్ష్మి. ఆ వారమంతా రైళ్లు మామూలుగానే తిరిగాయి.

ఆ మాట విని ఆనాడు ఎగిరి గంతేసింది. పెద్దయ్యేకొద్దీ అదే మాట గొంతులో ముల్లై కూర్చుంది. ఆయన చూడలేదంటే ఒక దణ్ణం పెట్టి ఊరుకునేది. తెలియదంటే క్షమించేది. ఆయన చూశారు, ఆమె వింటోందని తెలుసు, వినపడాలని ప్రతి సంగతికీ గొంతు చించుకున్నారు. అంత పాటుపడిన మనిషి లేచి నాలుగడుగులు వేసి తలుపు గడియ తీయలేకపోయారు. అమలమ్మ కోపమంతా అక్కడే ఉంది. ఆయన మీద ప్రేమ కూడా అక్కడే ఉండడంతో ఆ కోపం ఎన్నాళ్లయినా చల్లారలేదు.

తర్వాత పెళ్లయింది. భర్త శౌరయ్యకు థర్మల్ స్టేషన్లో ఉద్యోగం, కాపురం కొండపల్లి. అక్కడి మిషను బడిలో పిల్లలకు పాటలు నేర్పింది, ఆదివారం పూజలో పాడే పిల్లల్ని తయారుచేసింది. ఆమె నేర్పినవాళ్లంతా ప్రతి చరణమూ మూడుసార్లు పాడతారు, మూడోసారి గట్టిగా. మీ పాట నా ప్రసంగం కన్నా పొడుగమ్మా అని ఫాదర్‌గారు హాస్యమాడేవారు. ఇంకో విచిత్రం, ఆ పిల్లలంతా మెడ కుడివైపుకి వాల్చి పాడతారు. అమలమ్మ మెడ అలా ఒరిగి ఉంటుంది గనక పాడడమంటే అలాగే కాబోలనుకుని నేర్చేసుకున్నారు. చూసినవాళ్లు నవ్వేవారు. అమలమ్మ నవ్వేదీ కాదు, దిద్దేదీ కాదు.

కచేరీ మాత్రం ఏ సభవాళ్లూ ఇవ్వలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగేవారు. వెంకటప్పయ్యగారి దగ్గర అంటే, ఆయన శిష్యుల్లో మీ పేరెప్పుడూ వినలేదే అనేవారు. అక్కడితో సరి. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం నెరవలేదు. ఫిడేలు, మృదంగం పక్కన పెట్టుకుని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నిండుగా పాడాలన్న కోరిక అలాగే ఉండిపోయింది.

నెల కిందట తిరుపతిరావుగారు కొండపల్లి వెతుక్కుంటూ వచ్చారు. శతజయంతి నాడు రెండు గంటల కచేరీ ఆమెదే అన్నారు. కచేరీకి ముందు గురువుగారి గురించి నాలుగు మాటలు చెప్పాలన్నారు. కిటికీ దగ్గర నిలబడ్డ క్రైస్తవుల పిల్లను ఆయన లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, పాఠం చెప్పిన ముచ్చట. దాన్ని ఆయన అప్పటికే ఒక పత్రికలో రాసేశారు, రేడియోలో చెప్పేశారు. ఇక ఆమె నోటితో కూడా అనిపిస్తే ముచ్చటకు రాజముద్ర పడినట్టే.

"ఆయన నన్ను లోపలికి పిలవలేదండీ," అంది అమలమ్మ.

"పిలిచారో లేదో ఇప్పుడెవరు చూడొచ్చారమ్మా. మంచి ముచ్చట, నలుగురికీ మంచి చేస్తుంది. ఈ రోజుల్లో ఇలాంటివి చాలా అవసరం."

ఆయన చెడ్డమనిషి కాడు. అదే మరీ ఒళ్లు మండించింది. తన ఆరేళ్ల ఎండనీ వాననీ తుడిచిపారేసి, దాని మీద ముగ్గు పెట్టి, చూడండి ఎంత బాగుందో అంటున్నారు. అయినా కచేరీ మీది ఆశ ఆమెను కట్టిపడేసింది. సరేనంది. అన్నప్పటి నుంచీ ఇంట్లో గిన్నెలు శబ్దం చేయడం మొదలుపెట్టాయి. నాలుగు మాటలే కదా, అనేసి హాయిగా పాడుకోమన్నాడు శౌరయ్య. ఆ పూట ఆయనకు మాడిన కూరే దిక్కయింది.

ఇప్పుడీ ఫ్లెక్సీ. మాటలు చాలవన్నట్టు గౌను కూడా తొడిగారు.

హాలు నిండుగా ఉంది. పాతకాలపు హాలు, పక్కనంతా వరండా, వరండాలోకి తెరిచిన పెద్ద కిటికీలు. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని రాజ్యలక్ష్మి కూర్చుంది. వేదిక మీద ఫిడేలు, మృదంగం శ్రుతి చూసుకుంటున్నాయి. తిరుపతిరావుగారు ఐస్‌ఫ్రూట్‌తో మొదలుపెట్టి, రైలు మీదుగా, చాప దగ్గరికి వచ్చారు. లోపలికి పిలిచిన చోట ఆయన గొంతు నిజంగానే వణికింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక ఎవరో కళ్లు తుడుచుకున్నారు. ఆ పిల్లే ఈనాటి మన గాయని అంటూ అమలమ్మను వేదిక మీదికి పిలిచారు.

అమలమ్మ వెళ్లి మైకు ముందు నిలబడింది. ఎదురుగా ఆమె ఇన్నాళ్లూ కోరుకున్న సభ. పక్కన ఫిడేలాయన నవ్వుతూ కమాను సర్దుకున్నాడు. నాలుగు మాటలు అనేస్తే చాలు. అమలమ్మ రాజ్యలక్ష్మి వైపు చూసింది. రాజ్యలక్ష్మి చూపు దించుకుంది. ఆ దించుకోవడం చూశాక ఇంక ఆగబుద్ధి కాలేదు.

"గురువుగారి దగ్గర నేను ఏ చోట నిలబడి నేర్చుకున్నానో అక్కణ్ణుంచే పాడతానండి," అంది.

మెట్లు దిగి, పక్కతలుపులోంచి వరండాలోకి వెళ్లి, కిటికీ కమ్మీలకు కుడిచెవి ఆనించి నిలబడింది. జనానికి ఏమీ అర్థం కాలేదు. అమలమ్మ తోడి రాగంలో చిన్నప్పుడు నేర్చిన కృతి ఎత్తుకుంది. ఫ్యాన్ల హోరులో మొదటిసారి సంగతి ముందు వరసలకు అందనే లేదు. ఎవరో లేచి ఫ్యాన్లు కట్టేశారు. రెండోసారికి కుర్చీలు కిటికీ వైపు తిరిగాయి. మూడోసారి ఆమె గొంతు పెంచింది. నిదానంగా, ఏ స్వరానికి ఆ స్వరం, లోపలి గోడకు తగిలేలా. ఆ చాప మీద కూర్చున్నవాళ్లు సభలో ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారు. వాళ్లకు ఆ గొంతు పెంచే తీరు ఎవరిదో తెలిసిపోయింది.

తిరుపతిరావుగారు గబగబా కిటికీ దగ్గరికి వచ్చారు. లోపలికి రండమ్మా, కచేరీ మీకోసమే కదా అని బతిమాలారు.

అమలమ్మ పాట ఆపింది. "ఈ మాట అనాల్సినాయన ఆరేళ్లు నా ఎదురుగా కూర్చుని అనలేదండీ. ఇప్పుడు మీరు పిలిస్తే ఆయన పిలిచినట్టవుతుందా? మూడోసారి గొంతు పెంచింది రైలు కోసం కాదు, నాకోసం. గొంతు పెంచారు, తలుపు తీయలేదు. చెబితే రెండూ చెప్పండి. లేకపోతే నా ముచ్చట మానేయండి."

అలా కాదమ్మా, రైలు చప్పుడు మాకందరికీ గుర్తే కదా అని తిరుపతిరావుగారు ఏదో చెప్పబోయారు. అప్పుడు రాజ్యలక్ష్మి లేచి నిలబడింది. "అమల రాని రోజున నాన్నగారు రెండుసార్లే పాడేవారు," అంది, నేల చూపులు చూస్తూనే.

ఇంత చిన్న మాట నలుగురిలో అనడానికి యాభై ఏళ్లు పట్టింది. అమలమ్మకు ఊరట కలగలేదు, ఇంకాస్త కోపం వచ్చింది. ఆ కోపంతోనే మిగిలిన కృతి మొత్తం, ప్రతి సంగతీ మూడేసిసార్లు, వరండాలోనే నిలబడి పాడింది. ఫిడేలు మోగలేదు, మృదంగం మోగలేదు. పాట అయ్యాక సంచీ తీసుకుని గేటు దాటి కొండపల్లి బస్సెక్కింది. ఆమె కచేరీ అలా జరగకుండానే అయిపోయింది.

ఆ ఆదివారం పూజకు ముందు పిల్లలు ఎప్పటిలాగే వరసగా నిలబడి, మెడలు కుడివైపుకి వాల్చి పాట ఎత్తుకోబోయారు. అమలమ్మ ఆగమంది. కోపం ఇంకా దిగని మొహంతోనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, గడ్డం పట్టుకుని తల నిటారుగా నిలబెట్టింది.

"మెడలు తిన్నగా పెట్టండి," అంది. "మీరు లోపలే ఉన్నారు."